ముప్పై అయిదా, యాభయ్యా, ఉన్న జూమే చాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తణుకు దగ్గర ఒక ఊరు. రెండేళ్ల కిందట నికాన్ డి3500 సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నాను, 18-55 కిట్ లెన్సుతో (కెమెరాతో పాటు వచ్చే జూమ్). తీసేవి ఇంటి ఫొటోలే. మా మూడేళ్ల పాప, మేడ మీద వడియాలు పెట్టే మా అత్తయ్యగారు, పండగలు, పేరంటాలు, అప్పుడప్పుడు సంత. పగలు బాగానే వస్తున్నాయి. సాయంత్రం దీపాలు పెట్టాక ఇంట్లో తీసినవన్నీ అలుక్కుపోతున్నాయి. ట్యూషన్ల డబ్బు పదిహేను వేలు పక్కన పెట్టుకున్నాను. మా తమ్ముడేమో "కిట్ లెన్సు అమ్మేసి 50 ప్రైమ్ కొనక్కా, అప్పుడే నీకు ఫొటోగ్రఫీ వస్తుంది" అంటాడు (ప్రైమ్ అంటే జూమ్ అవని, ఒకే అంకె లెన్సట). ఊళ్లో స్టూడియో ఆయన "55-200 జూమ్ తీసుకోమ్మా, దూరంవి కూడా పడతాయి" అంటారు. ఒక షాపులో 50 ఎంఎం 1.8డి సెకండ్‌హ్యాండ్ చవగ్గా ఇస్తామన్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: ముందుగా, ఆ 1.8డి కొనకండి. బయానా ఇచ్చి ఉంటే రేపే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి. అది చెడ్డ లెన్సని కాదు, మీ కెమెరాకి పనికొచ్చేది కాదు. ఆ రకం పాత లెన్సుల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. కెమెరా బాడీలో ఉన్న మోటారే ఒక చిన్న మరతో దాన్ని తిప్పాలి. నికాన్ 3000, 5000 వరసల్లో ఆ మోటారు పెట్టలేదు, మీ డి3500 ఆ వరసలోదే. లెన్సు చక్కగా బిగుసుకుంటుంది, వెలుతురు కొలుస్తుంది, ఫొటో కూడా పడుతుంది. ఫోకస్ మాత్రం ప్రతిసారీ మీరే చేత్తో రింగు తిప్పి పట్టుకోవాలి. దేవుడి గదిలో దీపపు కుందిని తియ్యడానికైతే సరే. మూడేళ్ల పిల్లకి? మీరు రింగు తిప్పేలోపు పెరట్లో ఉంటుంది. లెన్సు పేరులో 'ఏఎఫ్-ఎస్' అనో 'ఏఎఫ్-పి' అనో ఉందా చూసుకోండి. ఉంటే దాని మోటారు దానిలోనే ఉన్నట్టు.

ఇక అలుక్కుపోయే సంగతి. అది రెండు రకాలు, రెండింటికీ మందు వేరు. అలాంటి ఫొటో ఒకటి కంప్యూటర్లో పెద్దది చేసి చూడండి. వెనక గోడ మీద క్యాలెండర్లో తేదీలు కూడా చెదిరి ఉంటే మీ చెయ్యి కదిలింది. తేదీలు చదవడానికి వీలుగా ఉండి, పాప చేతులు మాత్రం పొగలా ఉంటే పాప కదిలింది. మీది రెండోదే అయ్యుంటుందని నా అనుమానం. కిట్ లెన్సు మీద 'వీఆర్' అని రాసి ఉంటే అది మీ చేతి వణుకుని చాలావరకు సర్దేస్తుంది. పాప గంతుల్ని ఆపడం దాని వల్ల కాదు. దానికి షట్టర్ వేగం కావాలి, వేగానికి వెలుతురు కావాలి.

ఎంత కావాలో లెక్కేద్దాం. ఒక్క ట్యూబ్‌లైటున్న హాలు, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని ఎంత చురుగ్గా పట్టాలో చెప్పే అంకె) 3200 అనుకోండి. మీ కిట్ లెన్సు జూమ్ రింగు 35 దగ్గర ఉన్నప్పుడు (ఈ అంకె చిన్నదైతే ఎక్కువ మేర పడుతుంది, పెద్దదైతే దూరంవి దగ్గరికొస్తాయి) ఎఫ్/4.5 కంటే తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. షట్టర్ సెకనులో 1/40 వంతు దగ్గర ఆగుతుంది. కుదురుగా కూర్చున్న మనిషికి అది చాలు. చప్పట్లు కొడుతున్న పిల్లకి 1/250 అయినా ఉండాలి. 35 ఎంఎం ప్రైమ్ ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. 4.5ని 1.8తో భాగిస్తే రెండున్నర. దాన్ని దానితోనే హెచ్చవేస్తే ఆరుంబావు. అంటే ఆరు రెట్లకు పైగా వెలుతురు, అదే గదిలో, అదే ట్యూబ్‌లైటు కింద. 1/40 కాస్తా 1/250 అయింది. ట్యూషన్లు చెప్పేవారు కదా అని లెక్క విప్పి చూపించాను, మామూలుగా అయితే ఇంత విసిగించను.

మీ కష్టానికి ప్రైమ్ లెన్సే మందు అని మీ తమ్ముడు చెప్పింది నిజమే. 55 దగ్గర మీ జూమ్ ఎఫ్/5.6కి పడిపోతుంది కాబట్టి, 50 ప్రైమ్ ఎఫ్/1.8తో పోలిస్తే తేడా దాదాపు పది రెట్లు. అయినా నేను 50 కొనమనను, ఎందుకంటే మీ ఇల్లు.

డి3500 సెన్సారు, అంటే ఫిల్మ్ బదులు బొమ్మని పట్టే పలక, చిన్నది. పాత ఫిల్మ్ కెమెరాలో 50 చూపించినంత మేర దీనిలో 35 చూపిస్తుంది. 50 బిగిస్తే పాత లెక్కలో 75 అవుతుంది, అంటే ముఖాలకి సరిపోయే లెన్సు. అడుగుల్లో చెబుతాను. నిలబడ్డ మనిషి తల నుంచి పాదాల దాకా, పైనా కిందా కాస్త ఖాళీతో పడాలంటే, కెమెరా నిలువుగా పట్టుకుని 50తో పదమూడడుగుల దూరం కావాలి. 35తో తొమ్మిదడుగులు. 18తో అయిదడుగుల్లోపే అయిపోతుంది. మన హాళ్లు పదీ పన్నెండడుగులుంటాయి, అందులో ఒక సోఫా, ఒక టీవీ స్టాండు, గోడవార మడత మంచం. పదమూడడుగులు ఎక్కణ్నుంచి తెస్తాం?

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. కొత్తగా 50 కొన్న ఏడాది ఆ మోజులో మా పిన్ని కూతురి గృహప్రవేశానికి అదొక్కటే పట్టుకెళ్లాను. తెల్లవారుజామున ముహూర్తం. ముందు ఆవు, దాని వెనక దంపతులు, చేతిలో దేవుడి పటం, గడపకి పసుపు, పైన మామిడి తోరణం. ఇవన్నీ ఒక్క ఫొటోలో పడాలని నా ఆశ. వెనక్కి నడిచాను. వీధి దాటాను. ఎదురింటి ప్రహరీకి వీపు ఆనింది. అప్పటికీ తోరణం వస్తే ఆవు రాలేదు, ఆవు వస్తే బావగారు సగమే వచ్చారు. ఈలోగా ఆవు లోపలికి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఆ ఇంట్లో ఆల్బమ్ తీస్తే మొదటి పేజీలో ఆవు ముఖం బ్రహ్మాండంగా ఉంటుంది, కనురెప్పల వెంట్రుకలతో సహా. "ఆవుకి గృహప్రవేశం చేయించావు కదరా" అని మా పిన్ని ఏడాదికోసారైనా అంటుంది.

కాబట్టి నా సలహా: కిట్ లెన్సు ఉంచుకోండి, దాని పక్కన 'ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జి' ఒకటి కొనండి. 2009లో వచ్చిన లెన్సు, మీలాంటి చిన్న సెన్సారు కెమెరాల కోసమే చేసింది. బరువు 200 గ్రాములు. పాతదైనా చాలామంది వాడారు కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది, మీ డబ్బులో కొంత మిగులుతుంది కూడా.

అయితే నా మాట మీద డబ్బు పెట్టేముందు ఒక వారం ఆగండి. మీ కిట్ లెన్సు జూమ్ రింగుని 35 దగ్గర పెట్టి, దాని మీద మెడికల్ షాపులో దొరికే కాగితపు ప్లాస్టర్ ముక్క అతికించండి. సెల్లోటేప్ వద్దు, జిగురు వదలదు. ఏడు రోజులు ఏం తీసినా దానితోనే. ఎక్కడ చాల్లేదో, ఎక్కడ ఎక్కువైందో మీకే తెలిసిపోతుంది. వెలుతురు పెరగదు గానీ చూపు మేర మాత్రం ప్రైమ్‌తో వచ్చేదే. తర్వాతి వారం ప్లాస్టర్‌ని 50 దగ్గరికి మార్చి చూడండి.

ఇంకో పరీక్ష కూడా చెబుతారు, పాత ఫొటోల్లో ఏ అంకె ఎక్కువసార్లు వచ్చిందో చూడమని. కంప్యూటర్లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిస్తే ఫోకల్ లెంగ్త్ అని ఉంటుంది. చూడండి, తప్పులేదు. కానీ 18 ఎక్కువసార్లు కనిపిస్తే మోసపోకండి. ఆ కిట్ లెన్సు ముడుచుకున్నది విప్పగానే 18 దగ్గరే ఆగుతుంది, సగం ఫొటోలు మనం రింగు తిప్పకుండా తీసేసినవే. అలాగే 55 కుప్పలుగా ఉంటే అది మీకు ఇష్టమైన అంకె కాకపోవచ్చు, ఇంకా దగ్గరికి లాగాలనుకుని రింగు అయిపోయిన చోటు కావచ్చు.

మీ తమ్ముడి రెండో మాట, ప్రైమ్‌తోనే ఫొటోగ్రఫీ వస్తుందనేది. ఇది చాలామంది అంటారు, ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెస్సాన్ జీవితమంతా ఎక్కువగా 50తోనే తీశాడని ఉదాహరణ కూడా చూపిస్తారు. నిజమే, కానీ ఆయన 1930ల్లో లైకా అనే చిన్న ఫిల్మ్ కెమెరా పట్టుకున్నప్పుడు అలాంటి కెమెరాకి జూమ్ అనేదే లేదు. 35 ఎంఎం ఫిల్మ్ (ఇక్కడ 35 ఫిల్మ్ వెడల్పు) వాడే స్టిల్ కెమెరాకి మొదటి జూమ్ లెన్సు, 36 నుంచి 82 దాకా వెళ్లే జూమార్, 1959లో వచ్చింది. తొలినాటి జూమ్‌లు మెత్తగా తీసేవి. "జూమ్ అంటే షార్ప్ కాదు" అనే పేరు అప్పుడు పడింది, ఇంకా పోలేదు. ఇవాళ మీ కిట్ లెన్సుని ఎఫ్/8లో పెట్టి ఎండలో తీసిన ఫొటోనీ, ప్రైమ్‌తో తీసిన ఫొటోనీ పోస్ట్‌కార్డు సైజులో ప్రింటేసి కలిపేస్తే ఏది ఏదో నేనూ చెప్పలేను, మీ తమ్ముడూ చెప్పలేడు. పందెం కాయండి. పైగా ప్రైమ్ వాడిన అలవాటు మీకు ముందే ఉంది. మీ ఫోన్లో మెయిన్ కెమెరా ప్రైమే కదా, తెర మీద రెండు వేళ్లతో లాగేది చాలాసార్లు ఉన్న బొమ్మని కోసి పెద్దది చెయ్యడమే.

దీనికి తోక ఒకటుంది, "కాళ్లతో జూమ్ చేసుకో" అని. వినడానికి బాగుంటుంది. కాళ్లు చేసే పనీ రింగు చేసే పనీ ఒకటి కావు. ఇవాళే చూడండి. వంటింటి గట్టు మీద ఒక చెంబు పెట్టండి, దాని వెనక నాలుగడుగుల్లో ఒక బిందె. 18లో పెట్టి చెంబు దగ్గరగా వెళ్లి, ఫొటోలో చెంబు సగం ఎత్తు వచ్చేలా తియ్యండి. తర్వాత 55లో పెట్టి, చెంబు మళ్లీ అంతే ఎత్తు వచ్చేదాకా వెనక్కి నడిచి తియ్యండి. రెండింట్లోనూ చెంబు ఒకటే. మొదటిదాన్లో బిందె ఎక్కడో దూరాన మరచెంబంత ఉంటుంది, రెండోదాన్లో చెంబు భుజం మీదికొచ్చి కూర్చుంటుంది. వెనకది ఎంత పెద్దగా కనబడాలనేది మీరు నిలబడే చోటు తేలుస్తుంది. ఆ చోటి నుంచి ఎంత మేర పట్టాలనేది రింగు తేలుస్తుంది. మేడ మీద అత్తయ్యగారి వెనక కొబ్బరి చెట్లు దట్టంగా, దగ్గరగా రావాలనుకోండి, దూరం జరిగి 55 పెట్టుకోవాలి. వడియాల గుడ్డ పరుచుకుని ఆవిడ దాని చివర చిన్నగా ఉండాలంటే గుడ్డ అంచున కూర్చుని 18. ఇది 35 ప్రైమ్‌తో కుదిరే పని కాదు, అందుకే కిట్ లెన్సు అమ్మొద్దంటున్నాను.

అమ్మకపోవడానికి ఇంకా కారణాలున్నాయి. 35 ప్రైమ్‌కి వీఆర్ లేదు, మీ బాడీలోనూ లేదు. కార్తీకమాసంలో గుళ్లో దీపాల వరస లాంటి కదలని వాటిని 18లో, వీఆర్‌తో, 1/10కి కూడా చేత్తో పట్టుకుని తియ్యొచ్చు. ఇంకొకటి చాలామందికి తెలియదు: దగ్గరవి తియ్యడంలో కిట్ లెన్సే మెరుగు. మీది ఏఎఫ్-పి రకమైతే 55లో పావు మీటరు దాకా దగ్గరికి వెళ్తుంది, ఆరు సెంటీమీటర్ల వస్తువుతో ఫొటో నిండిపోతుంది. 35 ప్రైమ్ ఎంత దగ్గరికెళ్లినా పదిహేను సెంటీమీటర్ల మేర వస్తుంది. పాప కాలి పట్టీ మువ్వలు, మల్లెమొగ్గ, ముగ్గులో చుక్క కావాలంటే జూమ్ తగిలించుకోండి. సంతకీ అంతే. దుమ్ములో, జనంలో నిలబడి లెన్సులు మార్చకండి, సెన్సారు మీద మచ్చలు పడతాయి. ఇంట్లో మార్చేటప్పుడు కూడా కెమెరా ఆపేసి, నోరు కిందికి ఉండేలా పట్టుకుని మార్చండి, ఫ్యాను కింద కాదు.

స్టూడియో ఆయన 55-200 మాట కొట్టిపారెయ్యను. పాప స్కూలు స్టేజీ ఎక్కినప్పుడో, కొల్లేటి వైపు ఆటపాక వెళ్లి గూడకొంగల్ని తియ్యాలనిపించినప్పుడో అది లేని లోటు తెలుస్తుంది. కానీ మీరు అడిగింది సాయంత్రం ఇంట్లో అలుక్కుపోయే ఫొటోల గురించి. ఆ లెన్సు 200 దగ్గర ఎఫ్/5.6. మీ కష్టాన్ని అది అంగుళం కూడా కదపదు.

కొన్నాక మొదటి వారం మీకు కోపం వస్తుంది, ముందే చెబుతున్నా. ఎఫ్/1.8లో మీటరు దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే మందం ఆరు సెంటీమీటర్లే. ముక్కు కొస మీద ఫోకస్ పడితే చెవులు కరిగిపోతాయి. పాప ఒక అడుగు ముందుకేస్తే మొత్తం పోయినట్టే. అందుకని ఫోకస్ చుక్కని ఒక్కదానికే పరిమితం చేసి, దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి, ఆటోఫోకస్ ఏఎఫ్-సిలో (కదిలేదాని వెంట ఫోకస్ నడిచే పద్ధతి) ఉంచండి, ఎపర్చర్, అంటే లెన్సు తెరుచుకునే మేర, ఎఫ్/2.2 లేదా 2.5 చేసుకోండి. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కూర్చుంటే ఎఫ్/4కి వెళ్లండి, లేకపోతే తాతగారు స్పష్టంగా, నానమ్మ మంచులో ఉన్నట్టు వస్తారు, తర్వాత ఆ గొడవ మీరే పడాలి. షట్టర్ 1/250కి తగ్గకుండా ఆటో ఐఎస్ఓలో కనిష్ఠ వేగం పెట్టుకునే వీలు మీ కెమెరా మెనూలోనే ఉంది. ఐఎస్ఓ పెరిగి ఫొటో కాస్త గరుకుగా వచ్చినా ఫరవాలేదు. గరుకు ఫొటోని ఎవరూ చింపెయ్యరు, కదిలిపోయినదాన్ని చింపేస్తారు.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు మీ కెమెరా పట్టుకెళ్లండి. అక్కడే బిగించి, దగ్గరివి నాలుగు, వీధి చివరివి నాలుగు తీసి పెద్దవి చేసి చూడండి. ఫోకస్ పట్టేటప్పుడు బరబరమని గీరుకున్న చప్పుడొస్తే వద్దు. తర్వాత లెన్సు విప్పి ఒకవైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండోవైపు నుంచి ఏటవాలుగా లోపలికి చూడండి. నాలుగైదు దుమ్ము రేణువులు ఏ పాత లెన్సులోనైనా ఉంటాయి, పట్టించుకోవద్దు. సాలెగూటి పోగుల్లాగా సన్నగా అల్లుకుని ఉంటే మాత్రం అది బూజు, ఎంత చవకైనా వదిలెయ్యండి. వెనక బిగించేచోట ఒక చిన్న మీట ఉంటుంది, వేలితో మెల్లగా కదిపి వదిలితే లోపలి రెక్కలు టక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే వాటికి నూనె పట్టిందన్నమాట.

మీది గోదావరి డెల్టా కాబట్టి బూజు గురించి ఇంకో మాట. లెన్సులు తోలు సంచిలో పెట్టి బీరువాలో బట్టల మధ్య దాచకండి, వానాకాలంలో బూజుకి అంతకంటే మంచి ఇల్లు లేదు. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు నాలుగు, అంతే. రంగు మారే రకం గింజలైతే ఎప్పుడు ఎండబెట్టాలో అవే చెబుతాయి. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, ఆ తవుడు దుమ్ము రింగుల్లోకి పోతుంది.

ఒకవేళ ప్లాస్టర్ పరీక్షలో 35 వారం మీకు చప్పగా అనిపించి, 50 వారం ముఖాలన్నీ మీరు అనుకున్నట్టే వచ్చాయనుకోండి. మీ హాలు నేను ఊహించిన దానికంటే పెద్దదై ఉండొచ్చు, లేదా మీకు కావలసింది ముఖాలే అయ్యుండొచ్చు. అప్పుడు 'ఏఎఫ్-ఎస్ 50 ఎంఎం ఎఫ్/1.8జి' తీసుకోండి, ఆ చివరి అక్షరం 'జి' అవునో కాదో రెండుసార్లు చూసుకుని. మీ తమ్ముడికి ఫోన్ చేసి నువ్వే గెలిచావని చెప్పండి. పేరంటానికి మాత్రం కిట్ లెన్సు కూడా సంచిలో వేసుకుని వెళ్లండి.